మానవ హస్తం తాకని ప్రోగ్రాము

మా కేంద్రంలో ప్రోగ్రామర్ల కీబోర్డులన్నీ పోగుచేసి బీరువాలో పెట్టి లక్క సీలు వేశారన్న సంగతి విని ఊళ్ళో చాలామంది నవ్వారు. నవ్వడానికేం, నోరుంటే చాలు. సీనియారిటీ జాబితాలో తన పేరు తన అటెండరు పేరుకి కింద చూసుకున్న మనిషి గుండె ఎలా ఉంటుందో వాళ్ళకేం తెలుసు? మా డైరెక్టరు పద్మనాభంగారికి తెలుసు.

మాది కాకినాడలో ప్రభుత్వ ప్రోగ్రాముల నిర్వహణ కేంద్రం. ఉద్యోగుల హాజరు, జీతాలు, సెలవులు, బదిలీలు చూసుకునే ప్రోగ్రాములన్నీ మా దగ్గరే ఉంటాయి. వాటిని సరిచేసే ప్రోగ్రామర్లలో నేనొకణ్ణి. పేరు నాగేంద్ర. ఓ సోమవారం పొద్దున్న సీనియారిటీ జాబితా తలకిందులుగా అచ్చయింది. అటెండరు అప్పలకొండ మొట్టమొదట, డైరెక్టరుగారు అట్టడుగున. మాలో ఎవరో పునుగులు తింటూ, జిడ్డు వేలితో 'ఎక్కువ' గుర్తు ఉండాల్సిన చోట 'తక్కువ' గుర్తు నొక్కారు. దిద్దడానికి అరనిమిషం పట్టింది. ఈలోగా అప్పలకొండ కాలు మీద కాలేసుకుని, "పద్మనాభం, కాస్త ఆ ఫ్యాను వెయ్యి" అన్నాడని ఆఫీసంతా పాకిపోయింది. అతను అనలేదు పాపం. అనాలనుకున్నాడంతే.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. 'మానవ హస్తము అత్యంత ప్రమాదకరమైన అవయవమని అనుభవపూర్వకముగా తేలినందున, ఇకమీదట ఈ కేంద్రమునందలి ఏ ప్రోగ్రామునూ మానవ హస్తము తాకరాదు. మార్పులన్నియు ప్రోగ్రాముల ద్వారానే ప్రోగ్రాములకు జరుపబడవలెను.'

మామూలు డైరెక్టరైతే ఎవరికో ఒకరికి మెమో ఇచ్చి ఊరుకునేవాడు. మా ఖర్మ కొద్దీ పద్మనాభంగారు అప్పుడే బెంగుళూరులో శిక్షణకి వెళ్ళొచ్చారు. అక్కడ భోజనాలు బాగున్నాయట, పాఠం ఇంకా బాగుందట. మమ్మల్నందర్నీ మీటింగు హాల్లో కూర్చోబెట్టి, బోర్డు మీద చెట్టు బొమ్మ గీశారు.

"ప్రోగ్రామంటే మీరనుకునే అక్షరాలు కావు" అన్నారు. "కంపైలరున్నాడే, మనం రాసింది కంప్యూటరుకి అర్థమయ్యేలా చెప్పే పెద్దమనిషి, ఆయన మన వరసలన్నీ చదివి ముందో చెట్టులా పేరుస్తాడు. షరతు ఒక కొమ్మ. షరతు నిజమైతే ఈ పక్క రెమ్మ, కాకపోతే ఆ పక్క రెమ్మ. పోల్చే గుర్తు ఓ ఆకు. ఇంకో ప్రోగ్రాము ఆ చెట్టు ఎక్కి, చెడ్డ కొమ్మ నరికి, మంచి కొమ్మ అంటు కట్టి, చెట్టుని మళ్ళీ కంపైలరుకే అప్పగిస్తుంది. కొత్త ప్రోగ్రాము అక్కడికక్కడే నడుస్తుంది. ఇందులో ఎక్కడైనా చెయ్యి కనపడిందా?"

"లేదండి" అన్నాం.

"పునుగులు కనపడ్డాయా?"

"లేదండి."

అబద్ధమెందుకు, ఆయన చెప్పినదాంట్లో తప్పేం లేదు. వెయ్యిచోట్ల ఒకే మార్పు చెయ్యాలంటే అంతకంటే మంచి పద్ధతి లేదు. పెద్ద పెద్ద కంపెనీలవాళ్ళు అలాగే చేసుకుంటారు. నాకు మాత్రం ఒక్కచోట, ఒక్క గుర్తు మార్చాలి. అది మార్చకపోతే నా సంసారం మునుగుతుంది.

నా భార్య హైమావతి లెక్కల టీచరు. సీతంపేట కొండమీద బడి. పెళ్ళయి రెండేళ్ళయింది, మేమిద్దరం కలిసి ఉన్న రోజులన్నీ కలిపితే ఒక మామిడిపళ్ళ సీజనంత ఉండవు. నేను రెండో శనివారం బస్సెక్కుతాను, ఆదివారం పొద్దున్న పాలకొండలో దిగి, జీపు పట్టుకుని కొండెక్కుతాను. హైమ టిఫిను పెట్టి, నాలుగు కబుర్లు చెప్పేసరికి తిరుగుజీపు హారను కొడుతుంది. ఆ ఏడు బదిలీల్లో దంపతుల కోటా పెట్టారు. కాకినాడలో లెక్కల టీచరు ఖాళీ ఒకటుంది. ఆ నెలాఖరులోగా రాకపోతే మళ్ళీ రెండేళ్ళదాకా బదిలీల ఊసు ఉండదు.

తీరా హైమ దరఖాస్తు పెడితే ప్రోగ్రాము 'మీరు అర్హులు కారు' అంది. నేను లోపలికి చూశాను. భార్య జిల్లా, భర్త జిల్లా 'సమానం కాకపోతే' కోటా వర్తించాలి. అక్కడ 'సమానమైతే' అని ఉంది. అంటే ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళని కలపడానికి ప్రభుత్వం ఉవ్విళ్ళూరుతోంది. చెరో కొండమీదా ఉన్నవాళ్ళని పొమ్మంటోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. వెంటనే కాగితం రాసుకుని మా సూపరింటెండెంటు గున్నేశ్వర్రావుగారి దగ్గరికి పరిగెత్తాను.

ఆయన ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఒక్క కాగితం కూడా వద్దన్నవాడు కాదు, ఒక్కదానికీ అవుననలేదు. నా కాగితం రెండుసార్లు చదివి కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"ఆయ్, గుర్తు తప్పే నాగేంద్రగారూ. కాదనగలమా? మరి చెయ్యెట్టకూడదు కదండీ."

"ఒక్క గుర్తేనండీ."

"ఒకటైనా వందైనా చెయ్యి చెయ్యేనండి. మార్చే ప్రోగ్రాము రాయించండి, అది మారుస్తుంది."

"సరే, రాస్తాను."

"దేంతో రాస్తారండీ?"

నేను నా చేతులకేసి చూసుకున్నాను. ఆయన కూడా నా చేతులకేసి చూశాడు, ఏదో నేరం చేసి దొరికిపోయినవాడి చేతులు చూసినట్టు.

ఫైలు డైరెక్టరుగారి దగ్గరికి వెళ్ళింది. నన్నూ పిలిచారు.

"మార్చే ప్రోగ్రాముని ఎవరు రాయాలండీ అని సందేహం" అన్నాడు గున్నేశ్వర్రావుగారు.

"ఇంకో ప్రోగ్రాము రాస్తుంది. ప్రోగ్రాములు ప్రోగ్రాముల్ని రాయడం బెంగుళూరులో మామూలే" అన్నారు పద్మనాభంగారు.

"ఆయ్. మరి దాన్నండీ?"

"మరొకటి."

"దాన్నండీ?"

పద్మనాభంగారు గ్లాసెత్తి నీళ్ళు తాగారు. తాగి, 'ఆది ప్రోగ్రాము అన్వేషణ ఉపసంఘం' వేశారు. ఉపసంఘం వారంరోజులు మూడు పూటలా జీడిపప్పు ఉప్మా తిని, ప్రపంచంలో ఎక్కడ వెతికినా ఆ వరసలో మొట్టమొదటిదాన్ని ఎవరో ఒక మనిషే చేత్తో రాశాడని నివేదిక ఇచ్చింది. పద్మనాభంగారు మొహం చేటంత చేసుకుని వస్తారనుకుంటే కందగడ్డలా చేసుకుని వచ్చారు.

"అంటే ఇన్నాళ్ళూ మనం వాడుతున్నవాటికి పునాదిలోనే చెయ్యి ఉందన్నమాట" అన్నారు. ఆ రోజు మధ్యాహ్నం భోజనం కూడా సరిగ్గా చెయ్యలేదు.

అవతల హైమ రోజూ ఫోను. "ఏవండీ, మీ గుర్తు ఎంతదాకా వచ్చింది?"

"ఉపసంఘం దాటింది."

"మా బళ్ళో ఆరో తరగతి పిల్లాడు తప్పు చేస్తే రబ్బరెట్టి చెరిపి మళ్ళీ రాస్తాడు. వాణ్ణి పంపించనా మీ ఆఫీసుకి?"

"వాడికీ చేతులున్నాయిగా హైమా" అన్నాను. నవ్వింది గానీ, ఆ వెంటనే నెలాఖరుకి ఇంకెన్ని రోజులుందో లెక్కపెట్టి చెప్పింది. నాకు ప్రాణం ఉసూరుమంది.

చివరికి దారి చూపించింది గున్నేశ్వర్రావుగారే. ఉత్తర్వులో 'హస్తము' అని ఉంది, 'చెయ్యి' అని లేదు అని ఆయన ఫైలులో రాశాడు. పెద్దాసుపత్రి డాక్టరుగారిని అభిప్రాయం కోరారు. హస్తమనగా మణికట్టు మొదలుకొని వేళ్ళ చివరివరకు మాత్రమే అని ఆయన సంతకం పెట్టి పంపించాడు. కాబట్టి మోచేతితో ఆది ప్రోగ్రాము రాయవచ్చని అనుమతి వచ్చింది. బీరువా సీలు తీసి, ఒక్క కీబోర్డు బయటికి తెచ్చి, డైరెక్టరుగారి సమక్షంలో నా ముందు పెట్టారు. నేను చొక్కా చేతులు మడుచుకుని మోచెయ్యి మోపాను. ఒక్కసారే ఏడు అక్షరాలు పడ్డాయి. పూట గడిచేసరికి నాకు మోచెయ్యి వాచింది, తెరమీద మాత్రం ఏ భాషా కాని రాత తయారైంది.

మర్నాడు సవరణ ఉత్తర్వు. 'మోచేతికి సహాయకారిగా రూళ్ళకర్రను వాడవచ్చును. అట్టి సందర్భమున తాకినది రూళ్ళకర్రయే గాని హస్తము కాదని భావించవలెను.'

రూళ్ళకర్ర చేతికిచ్చాక నేను ఆశగా అడిగాను. "సార్, ఇదెలాగూ చేతిలో ఉంది కదా. దీంతోనే ఆ ఒక్క గుర్తూ పొడిచేస్తాను. సెకను పట్టదు."

పద్మనాభంగారు నన్ను జాలిగా చూశారు. "నాగేంద్రగారూ, రూళ్ళకర్రకి అనుమతి ప్రోగ్రాము రాయడానికి. గుర్తు మార్చడానికి కాదు. గుర్తు మారాలంటే చెట్టు ద్వారానే మారాలి. పద్ధతి అనేది ఒకటుంటుంది."

సరే, రాశాను. రూళ్ళకర్రతో టిక్కు టిక్కుమంటూ, వడ్రంగిపిట్టలాగా. బదిలీల ప్రోగ్రాముని చెట్టుగా చదివి, దంపతుల కోటా కొమ్మకి వెళ్ళి, అక్కడున్న 'సమానం' ఆకు తీసి 'సమానం కాదు' ఆకు పెట్టి, చెట్టుని మళ్ళీ నడిపించే చిన్న ప్రోగ్రాము. నా మటుకు నాకు ముద్దొచ్చింది. ఫైలు పైకి పంపించాను. గున్నేశ్వర్రావుగారు ఓ కొర్రీ వేసి కిందికి తిప్పి పంపాడు.

"ఇందులో ఓ ఇబ్బందుందండీ. మీరు ఫలానా కొమ్మ అని పేరెట్టి రాసేరు. ఆ కొమ్మవల్ల లాభం మీ ఆవిడగారికే కదండీ. రేపు విజిలెన్సోళ్ళు అడిగితే? పైగా ఒక్క గుర్తునే దిద్ది మిగతావాటిని వదిలేస్తే అది పక్షపాతం కిందికి వచ్చేస్తుందండి."

"గుర్తులకి పక్షపాతమేంటండీ? అవేమైనా ఉద్యోగులా, యూనియను పెట్టుకుంటాయా?"

"ఉద్యోగులకంటే నయమండి, మారుమాటాడవు. అయినా రూలు రూలేనండి."

డైరెక్టరుగారు ఆయనతో ఏకీభవించి, అన్ని ప్రోగ్రాములకూ ఒకే న్యాయం అని రాశారు. ఎక్కడెక్కడ 'సమానం' అనే ఆకు ఉందో అక్కడల్లా 'సమానం కాదు' అని అంటు కట్టవలెను.

"సార్! కొంపలంటుకుంటాయి. పాస్‌వర్డు సరిపోయిందా అని చూసేది కూడా సమానం గుర్తేనండి. వేలిముద్ర కలిసిందా అని చూసేది కూడా అదే."

"మీది గుమాస్తా దృష్టి. నాది విధాన దృష్టి" అన్నారాయన.

"పోనీ, ఈ మార్చే ప్రోగ్రాములోనే ఒక సమానం గుర్తుంది. 'ఈ ఆకు సమానం ఆకేనా' అని పోల్చి చూసుకోవాలి కదా. కనీసం దీన్నైనా మినహాయించండి, తన్ను తాను మార్చుకుంటే రెండోసారి ఏం చేస్తుందో చెప్పలేం."

"మార్పు తెచ్చేవాడికి మార్పు వర్తించదా? మనమే ఆదర్శంగా నిలవాలి. మినహాయింపు లేదు."

శుక్రవారం ముహూర్తం పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. రూళ్ళకర్రకి పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టారు. పద్మనాభంగారు దాంతో మీట నొక్కితే ఆఫీసంతా చప్పట్లు. ప్రోగ్రాము కేంద్రంలోని చెట్లన్నీ ఎక్కి దిగింది. ఆఖర్న తన చెట్టు కూడా తానే ఎక్కి, తన ఆకు తానే మార్చుకుంది. మార్పులు సంపూర్ణం అని తెరమీద పడింది. లడ్డూలు పంచారు.

సోమవారం పొద్దున్న హాజరు యంత్రం ఎవరి వేలు పెట్టినా 'గుర్తించబడలేదు' అంది. పది గంటలకల్లా అప్పలకొండ కనిపెట్టేశాడు, ఒకరి పేరు నొక్కి ఇంకొకరి వేలు పెడితే 'స్వాగతం' అంటుందని. దాంతో ఆఫీసులో ఎప్పుడూ లేని స్నేహభావం వచ్చింది. ఏళ్ళతరబడి పలకరింపులు లేని అకౌంట్సువాళ్ళూ ఎస్టాబ్లిష్‌మెంటువాళ్ళూ పొద్దున్నే ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని నిలబడ్డారు. సరైన పాస్‌వర్డు కొట్టినవాళ్ళని కంప్యూటరు బయటికి నెట్టింది. తోచిందేదో కొట్టినవాళ్ళని లోపలికి రానిచ్చింది. పాస్‌వర్డు మరిచిపోయిన పెద్దవాళ్ళందరూ డైరెక్టరుగారికి కృతజ్ఞతలు చెప్పుకున్నారు. ఒకరు సెలవడిగితే అడగనివాళ్ళందరికీ మంజూరైంది. అడగనివాళ్ళు మారుమాట లేకుండా వెళ్ళిపోయారు.

నేను గుండె చిక్కబట్టుకుని బదిలీల ప్రోగ్రాము తెరిచాను, అకౌంట్సువాళ్ళ కంప్యూటరులో ఏదో పిచ్చి పాస్‌వర్డు కొట్టి. దంపతుల కోటా గుర్తు మారింది! హైమ అర్హురాలు! ఎగిరి గంతేద్దామనుకుని కింది వరస చూసి ఆగిపోయాను. కోరుకున్న ఊరూ ఖాళీ ఉన్న ఊరూ 'సమానమైతే' అక్కడ వెయ్యాలి. ఇప్పుడది 'సమానం కాకపోతే' అయి కూర్చుంది. కాకినాడ కోరితే కాకినాడ తప్ప ఇంకోటిస్తుంది. ఆ ఏడు లెక్కల టీచరు ఖాళీలు మొత్తం రెండే రెండు. కాకినాడ ఒకటి, హైమ బడికి పై కొండమీద బడి ఇంకోటి. అక్కడికి జీపు కూడా పోదు.

ఫోను చేసి అంతా వివరంగా చెప్పాను.

"హైమా, అయిపోయింది. ఒకటి దిద్దబోతే అన్నీ తిరగబడ్డాయి. నిన్ను ఇంకా పైకి పంపించేస్తుంది."

అవతలనుంచి బల్ల మీద సుద్దముక్కతో కొట్టిన చప్పుడు వినపడింది. బడి పిల్లలముందు ఆలోచిస్తున్నప్పుడు అలా కొట్టడం ఆవిడకలవాటు.

"ఏవండీ, అడిగింది తప్ప ఇంకోటిస్తుందన్నారు కదా?"

"అవును."

"ఖాళీలు రెండే అన్నారు కదా?"

"అవును."

"మరి ఏడుపు దేనికి? నేను దరఖాస్తు మార్చి, పై కొండే కావాలని పెట్టుకుంటాను. ఇంతోటి దానికి ఉపసంఘాలు కూడాను!"

పెట్టుకుంది. 'గిరిజన బాలల సేవకై పై కొండమీది పాఠశాలనే కోరుచున్నాను' అని ఎంతో భక్తిగా రాసింది. నెలాఖరుకి ఉత్తర్వు వచ్చింది. కాకినాడ! ఆ సాయంత్రం నేను ఆఫీసులో ఉన్నవాళ్ళందరికీ కాజాలు పంచాను, గున్నేశ్వర్రావుగారికి రెండిచ్చాను. ఆ ఏడు బదిలీల్లో నిజాయితీగా కోరుకున్నవాళ్ళకి కోరుకున్నది దక్కలేదు. వద్దనుకున్నది కోరుకున్నవాళ్ళు హాయిగా ఇళ్ళు చేరారు. ఇన్నేళ్ళూ జరుగుతున్నదీ ఇదే కదా, ఇప్పుడు ప్రోగ్రాములోకి ఎక్కింది అని పెద్దవాళ్ళెవరూ ఆశ్చర్యపోలేదు.

హైమ రెండు ట్రంకుపెట్టెలతో దిగింది. గాంధీనగరంలో రెండుగదుల వాటా తీసుకున్నాం. పొద్దున్నే ఇద్దరం ఒకే స్కూటరు మీద బయల్దేరుతున్నాం, సాయంత్రం హైమని బడి దగ్గర ఎక్కించుకుని బీచికి పోతున్నాం. ఇంత సుఖం ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేవాణ్ణి కాదు.

ఇరవై రోజులు కాలేదు, పద్మనాభంగారు నన్ను గదిలోకి పిలిచి తలుపేశారు. మనిషి నలిగిపోయి ఉన్నాడు. ఆయన పేరు కాని వాళ్ళందరికీ ఆయన జీతం వెళ్ళిందట.

"నాగేంద్రగారూ, మన ప్రోగ్రాముని ఇంకోసారి నడిపిస్తే అన్నీ యథాస్థితికి రావూ?"

"రావండి. తన్ను తాను మార్చుకుంది కదా. ఇప్పుడు నడిపిస్తే సమానం గుర్తులు తప్ప మిగతావన్నీ మార్చేస్తుంది."

ఆయన కుర్చీలో వెనక్కి వాలిపోయారు. తరవాత సొరుగులోంచి బీరువా తాళాలు తీసి నా ముందు పెట్టారు.

"ఉత్తర్వు రద్దు చేస్తున్నాను. కీబోర్డులు తీసుకోండి. చేత్తోనే, ఒక్కొక్కటీ చూసుకుని దిద్దండి. మీరు మొదట్నుంచీ చెప్తూనే ఉన్నారు, నేనే వినలేదు." నాకు ఆయనమీద మొదటిసారి గౌరవం కలిగింది. లేచి దణ్ణం పెట్టబోయాను.

"బదిలీల ప్రోగ్రాముతో మొదలెట్టండి" అన్నారాయన. "అది దిద్దగానే ఈ ఏటి బదిలీలన్నీ మళ్ళీ మొదట్నుంచి లెక్కేయిద్దాం. తప్పుగా వచ్చినవన్నీ రద్దు. ఎవరు ఏ ఊరు కోరుకున్నారో వాళ్ళకి కచ్చితంగా ఆ ఊరే ఇద్దాం."

హైమ ఏ ఊరు కోరుకుందో నాకు గుర్తొచ్చింది. పై కొండ. జీపు కూడా పోని చోటు. గిరిజన బాలల సేవకై.

నేను తాళాలు ఎత్తి, మళ్ళీ జాగ్రత్తగా ఆయన ముందే పెట్టాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"సార్, తమరు తొందరపడి నిర్ణయం తీసుకుంటున్నారని నా మనవి. మానవ హస్తం అత్యంత ప్రమాదకరమైన అవయవమని తమరే సెలవిచ్చారు. వేల గుర్తులు చేత్తో దిద్దితే అందులో ఏ ఒక్కటి జారినా బాధ్యత ఎవరిది? కాబట్టి ముందు తప్పులన్నిటినీ గుర్తించేందుకు ఒక అధ్యయనం, దాని సిఫారసులు పరిశీలించేందుకు ఒక ఉపసంఘం, ఆ తరవాత దశలవారీగా..."

పద్మనాభంగారు మెల్లగా నిటారుగా కూర్చున్నారు. మొహంలో రక్తం తిరిగింది.

"దశలవారీగా" అన్నారు, ప్రసాదం తిన్నట్టు.

"ఈలోగా ప్రస్తుత పరిస్థితిని యథాతథంగా కొనసాగించవచ్చునని ప్రతిపాదిస్తూ ఫైలు పెడతాను సార్."

"నాగేంద్రగారూ" అన్నారాయన, నా రెండు చేతులూ పట్టుకుని. "మిమ్మల్ని ఇన్నాళ్ళూ ఉత్త ప్రోగ్రామరనుకున్నాను. ఉపసంఘానికి మీరే కన్వీనరు."

ఆ సాయంత్రం బడి గేటు దగ్గర హైమ సంచీ పట్టుకుని నిలబడి ఉంది.

"ఏంటండీ ఇంతాలస్యం?"

"డైరెక్టరుగారు పిలిచారు. అన్నీ చేత్తో దిద్దెయ్యమని తాళాలిచ్చారు."

హైమ మొహం పాలిపోయింది. "దిద్దేశారా?"

"లేదు. ఎప్పటికి దిద్దగలనో ఉపసంఘం తేల్చాలన్నాను. కన్వీనర్ని నేనే."

ఆవిడ నా మొహంలోకి తేరిపార చూసింది. చూసి, పకపకా నవ్వి, స్కూటరు వెనకాల ఎక్కి నా నడుం గట్టిగా పట్టుకుంది.

"మీరు రిటైరయ్యేదాకా తేల్చకండి మరి" అంది. "పదండి, బజార్లో చేపలు అయిపోతాయి."